కత్తి చెప్పేదొకటి, ఇంట్లో చెప్పేదొకటి

(విశాఖపట్నంలో ఒక ఆదివారం ఉదయం పాత కత్తుల గురించి జరిగిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించు బాబూ, మైకులో గాలి తప్ప నా గొంతు వినబడదు. ఆఁ, ఇప్పుడు బాగుంది.

ఈ బల్ల మీద ఎర్రగుడ్డ కప్పి ఒకటి పెట్టాను. అదేంటో చివర్లో చూపిస్తాను. మా ఇంటి కత్తి అది. చిన్నప్పుడు దసరా వచ్చిందంటే మా నాన్నగారు దాన్ని అటక మీంచి దించి, పసుపూ కుంకుమా పెట్టి, మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి ఒకటే కథ చెప్పేవారు. మా ముత్తాతల్లో ఒకాయన తాండ్ర పాపారాయుడి దండులో ఉన్నాడు, ఈ కత్తి బొబ్బిలి కోటలో రక్తం చూసింది, అని. ఒళ్ళు గగుర్పొడిచేది. నేను స్కూల్లో ఎంతమందికి చెప్పానో!

ఒక్క మాట అడుగుతాను, మొహమాటపడకండి. మీలో ఎంతమంది ఇళ్ళల్లో బొబ్బిలి కత్తి ఉంది? చూశారా, ఆరు చేతులు లేచాయి. మన ఉత్తరాంధ్రలో ఏ పాత కత్తి ఉన్న ఇంటికి వెళ్ళినా రెండే కథలండీ. ఒకటి బొబ్బిలి యుద్ధం, 1757 జనవరి 24. రెండోది పద్మనాభ యుద్ధం, 1794 జూలై 10. ఆ రెండు రోజుల్లో ఎత్తిన కత్తులన్నీ మనవాళ్ళ అటకల మీదికే చేరినట్టున్నాయి. మిగతా రెండు మూడొందల ఏళ్ళలో ఈ జిల్లాల్లో ఎవరూ కత్తి కొనలేదు, అమ్మలేదు, కమ్మరి చేత చేయించుకోలేదు అనుకోవాలా?

నవ్వుతున్నారు గానీ, నేను వెక్కిరించడం లేదు. ఇంట్లో చెప్పే కథ పనికిరానిదని నేను అననే అనను. అది సాక్ష్యమే. కాకపోతే దేనికి సాక్ష్యం అన్నది తర్వాత తేలుతుంది. అందుకని నేను చేసే మొదటి పని ఒక నోటుబుక్కు తియ్యడం. ఎడమ పేజీలో ఇంట్లో వాళ్ళు చెప్పింది రాస్తాను, వాళ్ళు చెప్పినట్టే, వాళ్ళ మాటల్లోనే. కుడి పేజీలో కత్తి చెప్పింది రాస్తాను. ఎడమ పేజీ మాట ఒక్కటి కూడా కుడి పేజీలోకి రానివ్వను. ఇది వినడానికి తేలిగ్గా ఉంటుంది. చెయ్యబోతే తెలుస్తుంది. కథ విన్నాక కన్ను కథనే వెతుక్కుంటుంది. తుప్పు మరక నెత్తుటి మరకలా కనిపిస్తుంది!

సరే, కుడి పేజీలో ఏం రాస్తాం? ముందు కొలతలు. పిడి దగ్గర్నుంచి మొన దాకా తిన్నగా ఎంత పొడవు, వెడల్పు ఎంత, బరువు ఎంత, వేలి మీద నిలబెడితే ఎక్కడ ఆగుతోంది. వీటన్నిటి కంటే నేను ముఖ్యమనుకునేది మందం. వాదర, అంటే పదును వైపు కాదమ్మా, వీపు వైపు. కత్తి వీపుని పిడి దగ్గర కొలవండి, మధ్యలో కొలవండి, మొన దగ్గర కొలవండి. యుద్ధానికి చేసిన కత్తి పిడి దగ్గర దళసరిగా ఉండి, మొనకి వెళ్ళేకొద్దీ పలచబడుతుంది. ఆరేడు మిల్లీమీటర్లతో మొదలై రెండు మూడింటికి దిగుతుంది. ఎందుకు? మొన బరువైతే చెయ్యి తిరగదు. రోజంతా దాన్ని తిప్పేవాడికి అది ప్రాణం మీదికొచ్చే విషయం. మరి అలంకారానికి చేసిన కత్తి? రేకులోంచి కత్తిరించి, వాదర దిక్కున నాలుగు రుద్దులు రుద్దుతారు. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒకటే మందం. చేతిలో పట్టుకుంటే గడపార పట్టుకున్నట్టుంటుంది.

ఒకసారి భీమిలి వైపు ఒక ఇంటికి పిలిచారు. రాజుల కాలం నాటి కత్తి, రెండు తరాలుగా దేవుడి గదిలో ఉంది అన్నారు. తీసి చూస్తే మూడు చోట్లా ఒకటే మందం. పిడి మీద అద్దం ముక్కలు అంటించిన గుర్తులు. ఆ ఇంటి పెద్దాయన్ని మెల్లగా అడిగాను, మీ వాళ్ళలో ఎవరైనా నాటకాలు ఆడేవారా అని. ఆయన కాసేపు ఆగి, "మా పెదనాన్న దుర్యోధనుడు వేసేవాడండీ" అన్నారు. అదీ సంగతి. ఆ ఇంట్లో ఆ కత్తి విలువ ఏమీ తగ్గలేదు. పెదనాన్నగారి ఫోటో ఒకటి బయటికొచ్చింది, కిరీటంతో, అదే కత్తితో. పాత ఫోటోలు తిరగెయ్యండి అని నేనందుకే చెబుతాను. పెళ్ళి ఫోటోల్లో, కుర్చీలో కూర్చుని తీయించుకున్న ఫోటోల్లో ఒడిలో కత్తి ఉంటుంది చాలాసార్లు. భూతద్దం పెట్టి పిడి చూడండి.

ఇప్పుడు అసలు విషయం. కత్తికి వయసు ఎంత అని అడుగుతారు. ఏ కత్తికి? అలుగుకా, అంటే కోసే రేకుకా, పిడికా, ఒరకా? ఈ మూడూ ఒకేసారి పుట్టాయని మనం అనుకుంటాం. చాలా అరుదండీ అది. ఒర తోలుది, చెక్కది. ఒక మనిషి జీవితకాలం నిలిస్తే గొప్ప. పిడి విరుగుతుంది, ఫ్యాషన్ మారుతుంది. అలుగు మంచిదైతే నాలుగు పిడులు మారుస్తుంది. మన తల్వార్ పిడిలో అలుగు తోకని లక్కతో బిగిస్తారు. వేడి చేస్తే లక్క కరుగుతుంది, పాత అలుగు ఊడుతుంది, కొత్తది ఎక్కుతుంది. మన కొడవలి పిడి ఊడితే కమ్మరి ఏం చేస్తాడో అదే.

మీకు ఫిరంగి అంటే ఏంటి? తోపు కదా, కోట మీద పెట్టి పేల్చేది. దక్కనులో, మరాఠా దేశంలో ఫిరంగి అంటే కత్తి కూడానండీ. ఐరోపా నుంచి ఓడల్లో వచ్చిన తిన్నని అలుగుకి మన దేశపు పిడి తొడిగితే దాని పేరు ఫిరంగి. రెండింటికీ మూలం పరంగివాడు, అంటే తెల్లవాడు. ఒక జబ్బుక్కూడా వాడి పేరే పెట్టారు మనవాళ్ళు, అది ఇక్కడొద్దు లెండి, పిల్లలున్నారు. అలా వచ్చిన అలుగు మీద లాటిన్ అక్షరాలుంటాయి, పిడి మీద తామరపూలుంటాయి. ఇది ఇంగ్లీషు కత్తా, ఇండియా కత్తా అంటే ఏం చెప్పాలి? రెండూనూ. బ్రిటిష్ అశ్వికదళానికి 1796లో నిర్ణయించిన వంపు కత్తి ఒకటుంది. దాని అలుగులంటే మన దేశపు రౌతులకి ఎంత మోజంటే, ఆ దళాలు దాన్ని మానేసిన తర్వాత కూడా పాత అలుగులు సంపాదించి తల్వార్ పిడులు వేయించుకుని వాడారు.

వస్తువు ఊరు మారితే కూడా గుర్తు మిగులుతుంది. మన కర్నూలు వైపు ఆదోని కోట ఉంది కదా. పదిహేడో శతాబ్దం చివర్లో ఔరంగజేబు సైన్యం దాన్ని పట్టుకుంది. ఆ సైన్యంలో బికనీరు రాజు అనూప్ సింగ్ ఉన్నాడు. ఆదోని ఆయుధాగారంలోవి బోలెడు ఆయన వాటాకి వెళ్ళాయి. వాటి పిడుల మీద చుక్కలు చుక్కలుగా పొడిచిన నాగరి అక్షరాలుంటాయి, ఇది ఆదోనిలో పట్టింది అని. ఇప్పుడు అవి ప్రపంచంలో పెద్ద పెద్ద మ్యూజియాల్లో ఉన్నాయి. ఆ చుక్కలు లేకపోతే వాటిని రాజస్థాన్ ఆయుధాలు అనేసేవారు. ఎవరో గుమాస్తా కూర్చుని సుత్తితో టకటకా పొడిచాడు, మూడొందల ఏళ్ళ తర్వాత మనకి ఆదోని పేరు దొరికింది. గుమాస్తాలకి నేనెప్పుడూ దణ్ణం పెడతాను. నేనూ ఉక్కు కర్మాగారం ల్యాబులో ముప్పై ఏళ్ళు రిజిస్టర్లు రాసినవాణ్ణే!

ఉక్కు అన్నాను కాబట్టి ఒక్క అయిదు నిమిషాలు. ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని 1966లో ఊరూవాడా నినదించాం. ఆ ఉక్కు అన్న మాటే ఇంగ్లీషులో వూట్జ్ అయిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. వూట్జ్ అంటే పూర్వం మనవాళ్ళు మూసలో, అంటే చిన్న మట్టి పాత్రలో, కాచి తీసిన ఉక్కు. మూసలో ఇనుప ముక్కలు, కాస్త ఆకూ కట్టే వేసి, మట్టితో మూత బిగించి, కొలిమిలో కాచి, నిదానంగా చల్లార్చేవారు. అందులో కార్బన్ ఒకటిన్నర శాతం అటూ ఇటూ ఉంటుంది. ఇప్పుడు మన ఇళ్ళ స్లాబుల్లో వేసే చువ్వల్లో పావు శాతం అటూ ఇటూ, అంతే. ఆ ముద్దని తక్కువ వేడి మీద ఓపిగ్గా సాగగొడితే అలుగు మీద నీటి అలల్లాంటి చారలు లేస్తాయి. ఇనుములో వనేడియం లాంటివి ఇసుమంత ఉంటేనే ఆ చార వస్తుందని ఈ కాలం పరిశోధకులు తేల్చారు. ఆ కమ్మరికి వనేడియం పేరు తెలీదు. ఏ గుట్ట మన్ను మంచిదో తెలుసు.

నిజామాబాద్ దగ్గర కోనసముద్రం అని ఒక ఊరు. 1820 ప్రాంతంలో వోయ్సే అనే సర్వే శాఖ వైద్యుడు అక్కడికి వెళ్తే, ఆ పల్లెటూళ్ళో ఉక్కు కొనడానికి కాచుకుని కూర్చున్న వర్తకుడొకడు కనిపించాడు. ఎక్కడివాడు? ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చినవాడు! ఇప్పుడాలోచించండి. రేపెవరైనా అలల చారలున్న కత్తి చూపించి, ఇది పర్షియాది అంటే, అలుగు కొట్టింది ఇస్ఫహాన్‌లో అయినా ఉక్కు వండింది మన కోనసముద్రంలో అయ్యుండొచ్చు.

మాస్టారు చెయ్యెత్తారు. అడగండి. ఆఁ, ఆన్‌లైన్‌లో డమాస్కస్ చాకులని అమ్ముతున్నారు, అవి ఇవేనా అంటున్నారు. కాదండీ. అవి రెండు రకాల ఉక్కు రేకుల్ని పొరలు పొరలుగా అతికించి మడత కొట్టినవి, మన మడత కాజాలాగా. చార కొట్టొచ్చినట్టు, లెక్కగా, తిరిగి తిరిగి అదే వస్తుంది. మూస ఉక్కు చార సన్నగా ఉంటుంది, ఏ రెండు అంగుళాలూ ఒకలా ఉండవు. ఇంట్లో మాత్రం యాసిడ్ పోసి పరీక్షించకండి, మీకు పుణ్యముంటుంది. ఎండ ఏటవాలుగా పడేచోట పెట్టి తిప్పి చూడండి, పిడి మొదట్లో ఎవరూ రుద్దని మూల చూడండి. ఉంటే అక్కడే కనిపిస్తుంది.

ఇక పేర్లు, ముద్రలు. దీని దగ్గర అందరూ బోల్తా పడతారు, నేనూ పడ్డాను. అసదుల్లా ఇస్ఫహానీ అని, పేరుమోసిన ఇరాన్ కమ్మరి లెండి, ఆ పేరు బంగారంతో రాసిన అలుగు ఒకటి చూసి రెండు రాత్రులు నిద్రపోలేదు. తర్వాత తెలిసింది, ఆ పేరున్న కత్తులు ఎన్ని తరాలు విస్తరించి ఉన్నాయంటే, అవన్నీ ఒక్కడే చేసుంటే ఆయన రెండు మూడొందల ఏళ్ళు బతికుండాలి. పేరు బ్రాండ్ అయిపోయింది. ఇటలీలో జెనోవా అలుగుల మీద రంపపు పళ్ళలాంటి అర్ధచంద్రాకారపు ముద్రలుండేవి, వాటిని మన దేశపు కమ్మర్లు హాయిగా కాపీ కొట్టారు. టిప్పు సుల్తాను పులిచారలైతే చెప్పక్కర్లేదు. 1799లో శ్రీరంగపట్నం పడిన దగ్గర్నుంచి ఆ పేరుకున్న గిరాకీ తగ్గలేదు. కాబట్టి పేరు కనిపిస్తే సంతోషించకండి, అనుమానించండి.

నమ్మదగ్గవి ఏమిటి మరి? బోరు కొట్టించేవి. నంబర్లు. విల్కిన్సన్ అనే లండన్ కంపెనీ 1854 నుంచి తన కత్తుల వీపు మీద నంబరు కొట్టేది. ఆ నంబర్లకి రిజిస్టర్లున్నాయి, కత్తి ఎప్పుడు తయారైందో, చాలాసార్లు కొన్న ఆఫీసరు ఎవరో కూడా తేలుతుంది. కాకిపాదం లాంటి బాణం గుర్తు ఉంటే అది బ్రిటిష్ సర్కారు సొత్తు. అలుగు మీద ఇండియా అని ఇంగ్లీషులో చెక్కి ఉంటే, అది విదేశీయులకి అమ్మడానికి చేసిన సరుకు. ఏ రాజూ తన కత్తి మీద మేడ్ ఇన్ ఇండియా అని రాయించుకోడు కదండీ!

తేదీ ఉంటే? ఉంటే మంచిదే, కానీ ఏ లెక్కలో ఉంది? శక సంవత్సరమైతే 78 కలపాలి. విక్రమ సంవత్సరమైతే 57 తియ్యాలి. హిజ్రీ అయితే కూడిక ఒక్కటీ చాలదు, ఆ ఏడాది మన ఏడాది కంటే పదకొండు రోజులు పొట్టి. హిజ్రీ 1200 అంటే 1785-86. మన తెలుగువాళ్ళదైతే ఇంకా తమాషా. ధాత నామ సంవత్సరం అని రాసి ఊరుకుంటారు. ఏ ధాత? బొబ్బిలి యుద్ధం జరిగింది ధాతలోనే. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకున్నది 1876 నాటిది. మధ్యలో 1816లో ఇంకో ధాత. అరవై ఏళ్ళకోసారి తిరిగొచ్చే పేరుతో కత్తి మీద ఒక్క ముక్క చెక్కించి వెళ్ళిపోయారు, మహానుభావులు. ఇంట్లోవాళ్ళకి ధాత అనగానే బొబ్బిలి గుర్తొస్తుంది, నూట ఇరవై ఏళ్ళు కలిసొచ్చేస్తాయి.

శుభ్రం చెయ్యడం గురించి రెండే మాటలు, కాస్త కోపంగా చెబుతాను. దసరా ముందు రోజు చింతపండు, నిమ్మకాయ, ఇటుక పొడి, గరుకు కాగితం పట్టుకుని కూర్చుంటారు చూడండి, దయచేసి వద్దు. రాగి చెంబుకీ కత్తికీ ఒకటే వైద్యమా? పిడి మీద సన్నటి బంగారు తీగతో కొట్టిన లతలుంటాయి, వెంట్రుక మందం కూడా ఉండదు ఆ బంగారం. ఒక్క దసరాకి పోతుంది. నల్లగా, గోధుమరంగులో గట్టిగా పట్టుకున్న పొర కత్తి వయసు, దాన్ని ఉండనివ్వండి. వేలికి అంటుకునే ఎర్ర తుప్పు ఒక్కటే శత్రువు. కుట్టుమిషను నూనె ఒక చుక్క, పాత పంచె గుడ్డ, చాలు. సముద్రం పక్కన ఉన్నాం, మన గాలిలోనే ఉప్పుంది, కాబట్టి నెలకోసారి తుడవండి. తోలు ఒరలో ఉంచి మర్చిపోవద్దు, తోలు తేమ తాగి ఉక్కుకి పోస్తుంది. పసుపూ కుంకుమా పెట్టాలంటే పిడికి దారం కట్టి ఆ దారానికి పెట్టండి, అమ్మవారు ఏమీ అనుకోదు.

చట్టం సంగతి గబగబా. తొమ్మిది అంగుళాల కంటే పొడవు గానీ, రెండంగుళాల కంటే వెడల్పు గానీ ఉన్న అలుగు, ఇంటి పనికీ పొలం పనికీ చేసింది కాకపోతే, 1959 ఆయుధాల చట్టం కింది నియమాలు దాన్ని ఆయుధంగానే చూస్తాయి. లైసెన్సు సంగతి మీ ప్రాంతంలో ఎలా ఉందో అడిగి తెలుసుకోండి. నూరేళ్ళు దాటింది 1972 చట్టం కింద పురావస్తువు, అమెరికాలో ఉన్న అబ్బాయికి పార్సిల్ చెయ్యకూడదు. పునాది తవ్వుతుంటే దొరికిందా? 1878 నాటి చట్టం ఇంకా ఉంది, పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకి చెప్పాలి. పది రూపాయలే! టెన్షన్ పడకండి, చెబితే ఎవరూ ఉరి తియ్యరు, దాస్తేనే ఇబ్బంది.

సరే, ఇప్పుడీ గుడ్డ తీస్తున్నాను. ముందు వరసవాళ్ళు కొంచెం జరగండి.

చూడండి. బొబ్బిలి కత్తి. ఏం కనిపిస్తోంది? పాపా, నువ్వు చెప్పు. కరెక్ట్, పిడికీ అలుగుకీ మధ్య చెయ్యి కాపాడే అడ్డు లేదు. మన తల్వార్‌కి ఉంటుంది, పిడి చివర పళ్ళెంలాంటి బిళ్ళ కూడా ఉంటుంది. ఇక్కడ రెండూ లేవు. పిడి గుండ్రంగా, రోకలి ముక్కలా, బాగా పొడుగ్గా ఉంది, పైన వెండి రేకు చుట్టారు. అలుగు ఒకవైపే పదును, చిన్న వంపు. ఒర చూడండి, రెండు చెక్క బద్దలు కలిపి బేతు చుట్టారు. నేను పదేళ్ళ పాటు ఇది చూసి కూడా చూడలేదు. ఎడమ పేజీ కళ్ళకి అడ్డం పడింది. ఒకరోజు మ్యూజియంలో గాజు పెట్టె ముందు ఆగిపోయాను. లోపల మా ఇంటి కత్తి! కింద చీటీ మీద బర్మా, దా అని రాసుంది. దా అంటే బర్మావాళ్ళ కత్తి. యుద్ధానికీ అదే, వెదుళ్ళు కొట్టడానికీ అదే.

బొబ్బిలి కోటలోకి బర్మా కత్తి ఎలా వస్తుంది? రాదు. మరి మా అటక మీదికి ఎలా వచ్చింది? ఇంటికొచ్చి మా పెద్దమ్మని అడిగాను, ఆవిడకి అప్పటికే ఎనభై దాటాయి. మన వాళ్ళలో ఎవరైనా రంగం, అదే రంగూన్, వెళ్ళారా పెద్దమ్మా అని. ఆవిడ గుమ్మం వైపు చూసి, మా నాన్నగారు లేరని చూసుకుని, అప్పుడు చెప్పింది. తాతగారి అన్నయ్య రంగం వెళ్ళాడు. రంగూన్‌లో బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు. జపాన్‌వాళ్ళు బాంబులేశాక, 1942లో, ఓడ దొరక్క అరకాన్ కొండల మీదుగా నడిచొచ్చేశాడు. వెళ్ళేటప్పుడు నలుగురు, వచ్చేటప్పుడు ఒక్కడు. "ఆ కత్తితోనే దారి పొడుగునా వెదుళ్ళు కొట్టుకుంటూ వచ్చాడట్రా. అదొక్కటే తెచ్చాడు," అంది. ఇక్కడ చూడండి, మధ్యలో వాదర నొక్కులు నొక్కులుగా ఉంది. మా నాన్నగారు అవి డాలు మీద పడ్డ దెబ్బలనేవారు.

మా నాన్నగారికి ఈ సంగతి చెబితే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు కాఫీ తాగుతూ, "ఆయన చెయ్యి పట్టుకునే నేను బడికి వెళ్ళేవాణ్ణి," అన్నారు, అంతే. బస్తాలు మోసిన చెయ్యి అని చెప్పడానికి ఆయనకి నామోషీ. బొబ్బిలి అని చెప్పుకోవడం తేలిక. నోటుబుక్కు ఎడమ పేజీలో బొబ్బిలి కథ అలాగే ఉంచాను, కొట్టెయ్యలేదు. దాని కింద, ఈ కథ ఇంట్లో ఎప్పుడు మొదలైందో కనుక్కోవాలి, అని రాసుకున్నాను. పెద్దమ్మ ఉండగా అడగాల్సింది, అడగలేదు.

ఇక మీరు తెచ్చినవి చూద్దాం. ఒక్కొక్కరే రండి, తోసుకోవద్దు. ఎవరూ ఒరలోంచి తియ్యకండి, బల్ల మీద పెట్టండి, నేను తీస్తాను. ముందు ఆ పచ్చ చీర అమ్మగారు. ఏంటమ్మా, బొబ్బిలిదేనా?